జీళ్ళు మాననుగాక మానను

గాజువాక,
జూలై 7.

కాంతం వదినకి,

కృపావతి వందనాలు. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టాలి. పెట్టను. ఒళ్ళు మండిపోతోంది, ముందు అది విను.

నిన్న ఆరాధన అయ్యాక కమిటీ సెక్రటరీ యేసుదానం లేచి మైకులో ఒక కాగితం చదివాడు. పోయిన నెల ఒక శనివారం చర్చిలో పిల్లలకి పళ్ళ పరీక్ష జరిగింది. శనివారం నేను పొయ్యి దగ్గరే ఉంటానని నీకు తెలుసు కదా, వెళ్ళలేదు. నలభైమంది పిల్లల్లో ఇరవై ఎనిమిది మందికి పళ్ళు పుచ్చాయట. దానికి కారణం జీళ్ళని డాక్టరు రాసిందట. అంచేత ఇకమీదట సండే స్కూల్లో నా బెల్లం జీళ్ళు పంచకూడదు. వాటి బదులు చాక్లెట్ బార్లు పంచుతారు. ఆటోనగర్‌లో చాక్లెట్ల ఏజెన్సీ ఉన్న మన సంఘస్థుడొకాయన ఉచితంగా ఇస్తానన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు వదినా. ఆ కొట్టిన చేతుల్లో సగం నా జీళ్ళు అందుకున్న చేతులే.

ముప్పై ఎనిమిదేళ్ళు! వాక్యం తప్పు లేకుండా అప్పజెప్పిన పిల్లకి ఒక జీడి. నోట్లో పెట్టుకుంటే కరిగేదాకా కొరకకూడదు, పెదవి విప్పకూడదు. ఆ నియమం భక్తి కోసం పెట్టానని అందరూ అనుకుంటారు. పాస్టర్ గారి ప్రసంగం అయ్యేదాకా పిల్లలు కిక్కురుమనకుండా ఉండడానికి పెట్టానని నీకొక్కదానికే తెలుసు.

చాక్లెట్ బారంటే ఏమిటి? సబ్బుబిళ్ళ ఆకారం, మట్టిరంగు, పైన తళుకు కాగితం. పిల్ల నోట్లో పెట్టుకున్న నిమిషానికి ఉండదు. వాక్యం నేర్చుకోవడానికి వారమంతా పడితే, దానికిచ్చిన బహుమతి నిమిషం నిలవదా? నేను లేచి మాననని చెప్పాను. కమిటీ చెప్పినా, డాక్టరు చెప్పినా, సీమ నుంచి దొర దిగొచ్చి చెప్పినా మాననన్నాను.

నువ్వు నాకు రెండు పనులు చెయ్యాలి. ఒకటి, మీ ధనశ్రీ పళ్ళ డాక్టరే కదా, ఈ కాగితం రాసిన మహాతల్లి ఎవరో కనుక్కోమను. పేరు అడిగితే యేసుదానం చెప్పడం లేదు. రెండు, నవంబరు తొమ్మిది పిల్లల ఆదివారం. నువ్వొచ్చి నా పక్కన కూర్చో. నాకు పాకం నేర్పింది నువ్వు. మీ అమ్మ తీర్థాల్లో, జాతరల్లో జీళ్ళమ్మి పిల్లల్ని పెంచిందని ఆ మైకులోనే చెప్పు.

నెలకో ఉత్తరమని మాటిచ్చావు. ఫోన్ చేశావో, ఎత్తను. ఫోన్లకి అలవాటుపడితే నేర్చుకున్న అక్షరాలు మరిచిపోతావు.

నీ వదిన,
కృపావతి

సీతమ్మధార,
జూలై 24.

మా పంతులమ్మ వదినకి,

కాంతం నమస్కారాలు. నేను మాట్లాడినట్టు రాస్తే ఎర్ర ఇంకుతో దిద్ది వెనక్కి పంపుతావు కాబట్టి నువ్వు నేర్పిన పుస్తకం భాషలోనే రాస్తున్నాను.

ధనశ్రీని అడిగాను. క్లినిక్కులో తీరిక లేదు, తర్వాత చూస్తానంది. నవంబరుకి రావడం కూడా కష్టమేమో. గాజువాక దాకా బస్సులో కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తాయి. చూద్దాంలే.

ఇక చాక్లెట్ల సంగతి. నువ్వు అంతలేసి తిట్లు తిట్టావు కదా, రెండు పక్షాలూ వినకుండా తీర్పు చెప్పకూడదని నేను అన్ని రకాలూ తెప్పించుకుని తిన్నాను. కోపం తెచ్చుకోకు. కొన్ని బాగానే ఉన్నాయి.

వేఫర్ బారు మన మడతకాజాకి పట్నంలో చదువుకున్న తమ్ముడు. పొరలన్నీ ఉన్నాయి గానీ పాకం లేదు. నోట్లో పెట్టుకుంటే దానంతటదే విడిపోతుంది, శ్రమ పెట్టదు. నాకు నచ్చింది. కొబ్బరి బారు లోపల అచ్చం మన కొబ్బరి లౌజే, మెత్తగా ఉంది. పల్లీల బారు మాత్రం శుద్ధ మోసం. మన పప్పు చెక్కకి కోటు తొడిగి ఇంగ్లీషు పేరు పెట్టారు. పైగా రాయి. చేదు చాక్లెట్ ఒకటుంది, డెబ్బై శాతమని గొప్పగా రాసుకున్నారు. చేదు కావాలంటే బజార్లో కాకరకాయలు లేవా? అయినా నాలిక మీద పెట్టుకుని ఊరుకుంటే మెల్లగా కరుగుతుంది, ఆ గుణం మంచిది. ఇక కసరత్తులు చేసేవాళ్ళు తినే ప్రోటీన్ బారంటూ ఒకటి తెచ్చారు. మా చిన్నప్పుడు ఎడ్లకి పెట్టే తెలగపిండి ఇంతకన్నా రుచిగా ఉండేది.

నారింజ తొనల బిళ్ళలు, నిమ్మ తొనల బిళ్ళలు ఇప్పటికీ మా వీధి చివర కొట్లో దొరుకుతున్నాయి. చప్పరించడానికి అవి చాలు.

చాక్లెట్ మీద అంత కక్ష ఎందుకు వదినా? పిల్లలకి అదీ ఇష్టమే, ఇదీ ఇష్టమే. నువ్వు కాస్త తగ్గితే ఏం పోయింది?

నీ శిష్యురాలు,
కాంతం

గాజువాక,
ఆగస్టు 18.

కాంతానికి,

తగ్గమంటావా? నువ్వా? తీర్థంలో మీ అమ్మ కొట్టు తీసెయ్యమన్న మనిషి మీద పాకం గరిటెత్తిన కాంతానివేనా నువ్వు?

ఇక్కడ ఏం జరిగిందో విను. చాక్లెట్లు మొదలుపెట్టి అయిదు వారాలైంది. మొదటి వారం పాస్టర్ గారు ప్రసంగం ఎత్తుకోగానే నలభై తళుకు కాగితాలు ఒక్కసారి చిటపటలాడాయి. పాస్టర్ గారు ఆగి చూశారు. పిల్లలు గబగబా తినేసి కబుర్లలో పడ్డారు. ఒక పిల్ల నా దగ్గరికొచ్చి, "టీచర్, ఇది నోట్లో ఎట్టుకుంటే అయిపోనాది, ఇంకోటి ఇస్తారా?" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండో వారం నుంచి చాక్లెట్ కాగితాలు విప్పి మరీ ఇస్తున్నారు. ఆగస్టు వేడికి అవి కరిగి బల్లల మీద, పాటల పుస్తకాల మీద, యేసుదానం తెల్లచొక్కా మీద అంటుకున్నాయి. చొక్కా సంగతి చెప్పేటప్పుడు నాకు సంతోషంగా ఉంది, దేవుడు క్షమించాలి.

నేను మాత్రం మానలేదు. చర్చిలో ఇవ్వొద్దన్నారు, సరే. ఆరాధన అయ్యాక మా ఇంటి గేటు దగ్గర డబ్బా పట్టుకుని నిలబడుతున్నాను. వాక్యం అప్పజెప్పిన వాళ్ళకి జీడి. వస్తున్నారు.

మొన్న శనివారం యేసుదానమే ఇంటికొచ్చాడు. పాకం పొయ్యి మీద ఉంది.

"ఏటి టీచరమ్మా, ఇంకా ఇదే సేత్తన్నారా? కమిటీ సెప్పింది ఇన్లేదా?" అన్నాడు.

"ఇన్నాను యేసుదానం. ఇన్నాను గానీ ఒప్పుకోలేదు," అన్నాను.

"ఇలాగైతే నాను సెయ్యగలిగింది ఏటీ నేదు. పిల్లల కలాసు అక్సాకి ఇచ్చీమంతన్నారు. మీరు రెస్టు తీసుకోండి."

అక్సా మంచి పిల్ల. నా దగ్గరే నేర్చుకుంది. కానీ ఆ క్లాసు నాది వదినా. పెళ్ళి చేసుకోలేదు, పిల్లల్లేరు, ఆదివారం తప్ప నాకు ఇంకో వారం లేదు. అది తీసేస్తే మిగతా ఆరు రోజులూ దేనికోసం లేవాలి?

ఇక నీ ఉత్తరం. రెండుసార్లు చదివాను. కరిగేవన్నిటినీ పొగిడావు, కొరికేవన్నిటినీ తిట్టావు. ఇదేం తీర్పో అర్థం కాలేదు. డాక్టరు పేరు కనుక్కోలేదు. రాననడానికి మోకాళ్ళు తెచ్చావు. జూన్‌లో పంపిన జీళ్ళ డబ్బా గురించి ఒక్క ముక్క రాయలేదు. ఏం దాస్తున్నావు?

కృపావతి

సీతమ్మధార,
సెప్టెంబరు 5.

వదినకి,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపేశాను. ఇవాళ ఉపాధ్యాయుల రోజని టీవీలో చెప్పారు. ఈ రోజు కూడా నీకు అబద్ధం రాస్తే నేర్చుకున్న అక్షరాలకి అర్థం లేదు.

ఆ కాగితం రాసింది ధనశ్రీయే.

యేసుదానం గారి చుట్టాలమ్మాయి దానితో చదువుకుంది. ఆమె అడిగితే వెళ్ళింది. నీకు అక్కడే చెబుదామనుకుందట, తీరా వెళ్తే నువ్వు లేవు. రాసింది నిజమేనంటుంది. నీ మొదటి ఉత్తరం చదివి వినిపిస్తే అన్నం తినకుండా లేచిపోయింది. "నాను రాసింది అది కాదమ్మా," అంది. దాని దగ్గరున్న నకలు చూసి నా చేత్తో రాసి పంపుతున్నాను, చూసుకో:

"పంటికి అతుక్కునే తీపి పదార్థాలు, అంటే జీళ్ళు, టాఫీలు, పాకం నింపిన చాక్లెట్ బార్లు, పళ్ళు పుచ్చడానికి ముఖ్య కారణం. ఇవి రోజూ కొద్దికొద్దిగా తినడం ఎక్కువ ప్రమాదం. ఏ తీపైనా వారానికి ఒక్కసారి తిని, వెంటనే నీళ్ళతో పుక్కిలిస్తే హాని తక్కువ."

ఇక రెండోది. జనవరిలో నా పళ్ళన్నీ తీసేశారు. కట్టుడు పళ్ళు పెట్టారు. పెట్టింది కూడా నా కూతురే. జీళ్ళు చేసేవాళ్ళ ఇంట పుట్టి, కొరకలేని దాన్నయ్యానని నీకు రాయడానికి సిగ్గేసింది. అందుకే కరిగేవాటిని పొగిడాను. జీడి మీద ప్రేమ చావలేదు వదినా, పళ్ళు చచ్చాయి.

నీ డబ్బా దేవుడి గూట్లో పెట్టాను. నెల తిరక్కుండా లోపలున్నవన్నీ కరిగి ఒకే ముద్దయ్యాయి. అందుకని నిన్నొకటి అడగాలి. కోపం వస్తే రానీ. బాగా లాగిన జీడి ముద్దవదు. పంటి కింద పెళుక్కున విరుగుతుంది, అంటుకోదు. లాగని జీడే అంటుకుంటుంది. అ నుంచి ఱ దాకా ఒక్కో అక్షరానికి ఒక్కో లాగు, అలా మూడుసార్లు అని లెక్క పెట్టుకున్నాం. కొక్కేనికి పాకం వేసి నేను లాగుతుంటే నువ్వు అక్షరాలు చెప్పేదానివి, అలాగే కదా నాకు చదువొచ్చింది. ఈ డబ్బాలో జీళ్ళకి ఎన్ని అక్షరాలు లాగావు?

కాంతం

గాజువాక,
సెప్టెంబరు 12.

కాంతానికి,

పళ్ళు పోతే నాకు చెప్పవా? మొగుడు పోయినప్పుడు నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చినదానివి, పళ్ళ దగ్గర సిగ్గేసిందా? ఎనిమిది నెలలు! నేను ప్రతి డబ్బా నీ నోరు తలుచుకునే కట్టాను.

ధనశ్రీ నా జీళ్ళు తిని పెరిగింది. మీ దేవుడు మీకున్నా, ఆదివారం పొద్దున్నే తల దువ్వించుకుని పక్కింట్లోంచి నా క్లాసుకొచ్చి ముందు వరసలో కూర్చునేది. ఎనిమిదేళ్ళు ఒక్క వాక్యం తప్పలేదు. అది రాసిందంటే చాలా బాధేసింది. ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

తర్వాత ఆ కాగితం మళ్ళీ చదివాను. మర్నాడు మళ్ళీ చదివాను. అందులో ఉన్నవి మూడు వాక్యాలు. యేసుదానం సంఘంలో చదివింది మొదటి వాక్యంలో ముక్క. జీళ్ళు అన్న మాట దగ్గర ఆగిపోయాడు. దాని పక్కనే ఉన్న చాక్లెట్ బార్లు కనిపించలేదా? వారానికి ఒక్కసారి అన్నది కనిపించలేదా? నేనిచ్చేదే వారానికి ఒకటి!

సగం వాక్యం అప్పజెప్పిన పిల్లకి నేను ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్క జీడి ఇవ్వలేదు. సగం చదివిన సెక్రటరీకి నా క్లాసు ఇస్తానా? పిల్లల ఆదివారం నాడు మొత్తం నేనే చదువుతాను. కార్యక్రమంలో నా పేరు వెయ్యలేదని తెలిసింది. వెయ్యకపోతే వెయ్యకపోనీ, నాకు గొంతుంది.

నువ్వు రానక్కర్లేదు. మోకాళ్ళు జాగ్రత్త.

ఎన్ని అక్షరాలు లాగానో అడిగావు. పాకం పట్టడం నాకు కొత్త కాదు. ఆ ప్రశ్న ఇంకెప్పుడూ అడగకు.

కృపావతి

గాజువాక,
నవంబరు 10.

కాంతం వదినకి,

వందనాలు. రెండు నెలలు రాయలేదు. మాట తప్పింది నేనే, ఒప్పుకుంటున్నాను.

నిన్నటి సంగతి నీకు మీ అమ్మాయి చెప్పే ఉంటుంది. కానీ తన గురించి తను చెప్పుకోదు కాబట్టి నేను రాస్తున్నాను.

పిల్లల పాటలయ్యాక అక్సా మైకు తీసుకుని, "ముందు మా టీచర్ మాట్లాడతారు," అంది. ఆ పిల్లకి అంత ధైర్యం ఉందని నాకు తెలియదు. లేచి కాగితం విప్పాను.

"కూకోండి టీచరమ్మా, పోగ్రాంలో మీ పేరు నేదు," అన్నాడు యేసుదానం.

నేను కూర్చోలేదు. కళ్ళజోడు పెట్టుకుని మొదటి మాట చదివానో లేదో, వెనక నుంచి ఒక గొంతు లేచింది. "అది రాసింది నాను. నాను సదువుతాను. ఆగత్తా." కోపం వస్తే డాక్టరమ్మకి కూడా గాజువాక మాటే వచ్చింది వదినా. నడుచుకుంటూ ముందుకొచ్చి మూడు వాక్యాలూ ఒక్క గుక్కలో చదివింది. చాక్లెట్ బార్లు అన్న చోట రెండుసార్లు చదివింది. ఏజెన్సీ ఆయన ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు.

ఒక చిన్న పిల్ల లేచి, "డాక్టరుగారూ, మీరు సిన్నప్పుడు జీళ్ళు తిన్నారా?" అని అడిగింది.

"ఇక్కడే తిన్నాను. ఇదిగో, ఈ పన్ను పుచ్చింది కూడా. పూడిపించుకున్నాను. అయినా మళ్ళీ వారం వచ్చీసీదాన్ని. తిన్నాక నీళ్ళోసుకుని పుక్కిలించండి, పడుకోబోయే ముందు పళ్ళు తోముకోండి. మా టీచర్ని మాత్రం ఇడిసి ఒగ్గీకండి," అంది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఈసారి నేను కూడా కొట్టాను.

యేసుదానం అంత తేలిగ్గా వదులుతాడా? సరిగ్గా చేస్తున్నానో లేదో కమిటీ చూడాలన్నాడు. ఇరవై రెండో తారీకు శనివారం మా పెరట్లోకే వచ్చి కూర్చుంటారట. క్రిస్మస్‌కి సంఘమంతటికీ సరిపడా, పది కిలోల బెల్లం, వాళ్ళ కళ్ళముందే జీళ్ళు చెయ్యాలి. ఆ రోజు జీడి బాగుంటే క్లాసూ నాదే, జీళ్ళూ నావే. పంటికి అంటుకుంటే రెండూ వదులుకోవాలి. పదిమంది ముందు సరేనన్నాను. "వచ్చి చూసుకో, ఆకలితో రా," అని కూడా అన్నాను.

ఇప్పుడు నిజం రాస్తాను. మార్చిలో బాత్రూమ్‌లో జారిపడి కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పారు గానీ పట్టు రాలేదు. ఒకసారి ఱ దాకా వెళ్ళడమే గగనం. క దగ్గరికే చెయ్యి వణుకుతుంది. లాగలేక, పాకం లేతగా ఉన్నప్పుడే దించేస్తున్నాను. ఆ పిల్లల పళ్ళకి అంటుకున్నది నా చేతకానితనం వదినా. నువ్వు అడిగిన రోజే నీకు తెలిసిపోయిందని నాకు తెలుసు. అందుకే అంత కోపం వచ్చింది.

తెలిసి తెలిసి సరేనన్నాను. ఓడిపోతే అందరి ముందే ఓడిపోతాను గానీ, ఇంట్లో కూర్చుని రెస్టు తీసుకోను.

నీ వదిన,
కృపావతి

సీతమ్మధార,
నవంబరు 14.

మా పంతులమ్మ వదినకి,

నీ రాత వంకరపోయిందని జూలైలోనే చూశాను. గుండ్రంగా రాయమని నా వేళ్ళ మీద కొట్టినదానివి, నీ సున్నాలు కోడిగుడ్లయ్యాయి. నువ్వే చెప్తావని చూశాను. నాకు పళ్ళ దగ్గర సిగ్గు, నీకు చెయ్యి దగ్గర సిగ్గు. ఇద్దరం సమానం, ఇక ఆ మాట వదిలెయ్.

నీ ఉత్తరం చదివాక దేవుడి గూట్లోంచి డబ్బా దించాను. ముద్దని పచ్చడిబండతో కొట్టి ఒక ముక్క తీశాను. పళ్ళు తీసి గిన్నెలో పెట్టి, జీడి నోట్లో పెట్టుకున్నాను. నీ నియమం ప్రకారం కరిగేదాకా పెదవి విప్పలేదు. ధనశ్రీ వచ్చి, "ఏటైందమ్మా, మాట్లాడవేటి?" అని కంగారుపడింది. గిన్నెలో పళ్ళు చూసి, నా బుగ్గ చూసి, వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. ముప్పావుగంట పట్టింది. పాకం లేతే, నువ్వులు ఎక్కువే. అయినా ఆ డబ్బెట్టి కొన్న బార్లన్నీ కలిపినా ఈ ముక్కకి సరిరావు. చాక్లెట్ తిన్నాను, బాగుందన్నాను, ఇప్పుడూ కాదనను. కానీ దాన్ని తింటే నాకెవరూ గుర్తు రాలేదు.

ఇరవై ఒకటిన మధ్యాహ్నం బస్సెక్కుతున్నాను. మోకాళ్ళ సంగతి అడగకు, వాటిని కూడా తీసుకునే వస్తాను. పాత బెల్లం కొనకు, కొత్త బెల్లం చూడు. నూనె రాయడానికి రాతిపలక కడిగి ఎండబెట్టు. గోడలో మా ఆయన స్టీల్‌ప్లాంట్ కమ్మీ వంచి పాతిన కొక్కెం ఉందిగా, దాన్ని చింతపండు పెట్టి తోమి ఉంచు.

పాకం పళ్ళెంలో వేస్తే ఠంగుమనేదాకా దించనివ్వను. యేసుదానాన్ని ముందు వరసలో కూర్చోబెట్టు. పళ్ళు లేవు గానీ నాకు రెండు చేతులూ ఉన్నాయి. ఆ రోజుల్లో చెప్పినట్టే నువ్వు అ నుంచి అక్షరాలు చెప్పు, గట్టిగా చెప్పు. నేను లాగుతాను.

కాంతం